తమ్ముడి వరస

ఫిబ్రవరి 11

తక్కెడకి,

పెట్టె నిన్న పొద్దున చేరింది. కొరియరువాడు దాన్ని తలకిందులు చేయలేదు, మంచు కరగలేదు, గొట్టాల పక్కన నువ్వు పెట్టిన ఉత్తరం తడవలేదు. ఈ మూడూ ఒకేసారి జరగడం పందొమ్మిదేళ్ళలో ఇదే మొదలనుకుంటా. ఫోన్లో అయితే మనిద్దరికీ రెండో నిమిషంలోనే కొట్లాట కాబట్టి, రక్తంతోపాటు ఉత్తరం పంపే ఈ పద్ధతే మేలు.

నీ రక్తంతో ఏం చేస్తారని మీ ఆవిడ అడిగిందట కదా. ఇది చదివి వినిపించు. అందులోంచి తెల్లకణాలు వేరుచేసి, తొంభై ఆరు గుంటలున్న ప్లాస్టిక్ పళ్ళెంలో పోస్తాం. వాటికి వైరస్ ముక్క తగిలిస్తాం. దాన్ని గుర్తుపట్టిన ప్రతి కణం కిందా ఒక నీలం చుక్క పడుతుంది. మా ఊపిరితిత్తుల టీకా వేసుకున్న వాళ్ళ కణాలు ఎన్ని చుక్కలు పెడితే టీకా అంత బాగా పనిచేసినట్టు. అయితే ప్రతి పళ్ళెంలోనూ మొదటి వరస నీదే. నీ గుంటల్లో ఎప్పుడూ నూట ఎనభై చుక్కలు వస్తాయి. తక్కువ వచ్చాయంటే ఆ రోజు మందులో చేతులో సరిగ్గా లేవని అర్థం. అప్పుడు మిగతా అందరి లెక్కనీ ఆ మేరకు పెంచుకుంటాం. సీసాల మీద నీ పేరుండదు, ‘ఆరోగ్య దాత 1’ అని ఉంటుంది.

ఈసారి నూట ముప్పై దగ్గర ఆగింది. మా సన్నగొంతు పనే అయి ఉంటుంది. సన్నగొంతు అంటే మా టెక్నీషియను. మన పక్కనే నిలబడి మాట్లాడినా ఆవిడ మాట మనకి వినపడదు. ఆవిడ చేతిలో పళ్ళేలు పాడవుతున్నాయి. వేరే విభాగానికి పంపించేస్తాను. జూన్‌లో మూడో దశకి అనుమతి అడుగుతున్నాం. పదహారేళ్ళ పని, ఇప్పుడు ఎవరి వంకలూ వినే ఓపిక నాకు లేదు. పొద్దున వార్డు, మధ్యాహ్నం ల్యాబు, మధ్యలో మీటింగులు.

మొత్తానికి నీ రక్తం బాగుంది. నీ వరస బాగుంది.

అక్క


ఫిబ్రవరి 20

ప్రొఫెసరమ్మకి నమస్కారాలు.

మా ఆవిడకి చదివి వినిపించాను. నీలం చుక్కల సంగతి తనకేం పట్టలేదు కానీ, ‘రక్తం బాగుంది’ అన్న ముక్క రెండుసార్లు గట్టిగా చదివాను. డాక్టరు దగ్గరికి వెళ్ళమని రెండు వారాలుగా మళ్ళీ చెవిలో జోరీగలా పోరుతోంది. ‘ఇంత పెద్ద డాక్టరు రాసిచ్చాక ఇంకో డాక్టరెందుకు?’ అన్నాను. వంటింట్లోకి వెళ్ళిపోయింది. గిన్నెల చప్పుడు మాత్రం చాలాసేపు వినిపించింది.

పని బాగానే ఉంది. ఇప్పుడొచ్చే తక్కెడల్లో మరలు ఆవగింజంత ఉంటున్నాయి. ఒక్కోసారి రెండు రెండుగా కనిపిస్తున్నాయి. ఎడమ కంటికి దారప్పోగులాంటిది ఏదో అడ్డం పడుతోంది, తుడుచుకున్నా పోవడం లేదు. వేసవి రాకుండానే నీళ్ళు తెగ తాగుతున్నాను. వయసు మీద పడుతోంది, ఇంకేముంది.

పాపం ఆ సన్నగొంతుని మరీ అంతలా తరమకు. నీ ముక్కు మీద కోపం నాకు తెలుసు కాబట్టి చెబుతున్నా.

నీ తక్కెడ


మార్చి 6

తక్కెడకి,

తీరిక లేక నాలుగు ముక్కలే రాస్తున్నాను. నలభై ఎనిమిది వచ్చాయి కదా, చత్వారం. అద్దాలు మార్పించుకో. నీళ్ళు తాగడం మంచిదే. సన్నగొంతుని కింది అంతస్తులో సీసాలు కడిగే చోటికి మార్చాను. దరఖాస్తు ఎనిమిది వందల పేజీలు దాటింది.

అక్క


మే 14

డాక్టర్ గారికి,

‘అక్కా’ అని రాయబోయి కొట్టేశాను. ఆ కొట్టివేత నీకు కనపడాలనే కొత్త కాగితం తీసుకోలేదు.

మొన్న మార్కెట్లో ఒక దుకాణం తక్కెడ విప్పుకుని కూర్చున్నాను. ఉన్నట్టుండి ఎడమ కంట్లో నల్లటి తెర దిగింది. ఎవరో గుడ్డ అడ్డం పెట్టారనుకుని చేత్తో తోశాను. అక్కడ ఎవరూ లేరు. దుకాణం ఆయనే నన్ను కంటి ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. అక్కడి డాక్టరమ్మ కంట్లోకి లైటు వేసి చూసింది. తర్వాత వేలి చివర సూదితో గుచ్చి ఒక్క బొట్టు తీసుకుని చిన్న మిషన్లో పెట్టింది.

“షుగరు ఎన్నాళ్ళ నుంచి ఉందండీ?” అంది.

“నాకు షుగరు లేదండీ.”

“నాలుగు వందల పన్నెండు ఉంది.”

“మీ మిషను ఏదో తేడాగా ఉంది. మా అక్క పెద్ద డాక్టరు. ఆర్నెల్లకోసారి నా రక్తం చూస్తుంది. ఫిబ్రవరిలో కూడా బాగుందని రాసింది” అన్నాను.

ఆవిడ నవ్వలేదు, అదొక్కటే నయం. “మీ అక్కగారు ఏం చూశారో నాకు తెలీదు. ఇది ఐదారేళ్ళ నుంచీ ఉండి ఉంటుంది. కంటి వెనకాల రక్తనాళాలు చిట్లి రక్తం నిండిపోయింది” అంది.

ఒక్క బొట్టు, ఒక్క నిమిషం. నువ్వు ముప్పై ఎనిమిది సార్లు, సారికి ఎనిమిది గొట్టాలు పట్టుకెళ్ళావు. మూడేళ్ళ క్రితం మా మెకానిక్కుల సంఘం ఉచిత పరీక్షలు పెట్టింది. అందరూ చొక్కా చేతులు మడిచి నిలబడితే నేను కుర్చీలో కూర్చుని టీ తాగాను. ‘మనకి ఇంట్లోనే డాక్టరు’ అని గొప్పలు పోయాను. తల కొట్టేసినట్టుంది నాకు. ఎడమ కంటికి ఆపరేషన్ చేయాలట, అయినా చూపు వస్తుందన్న భరోసా లేదట. కుడి కన్ను కూడా మొదలైందట. రెండు కళ్ళూ లేని తక్కెడ మెకానిక్కుకి ఎవరు పనిస్తారో నువ్వే చెప్పు.

ఒకటో నంబరు ఆరోగ్య దాత


మే 25

చిరంజీవి తమ్ముడికి,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఇక్కడ మా కళ్ళ విభాగం పెద్దాయనతో మాట్లాడాను. ఆపరేషన్ ఆలస్యం చేయొద్దన్నారు. ఏ మందులు అడగాలో విడిగా ఒక కాగితం పెట్టాను, ఆ డాక్టరమ్మకి చూపించు.

బాధలో ఉన్నావు, కోపం వస్తుంది. కానీ లేనిపోనిది నా నెత్తిన రుద్దకు. రక్తం బాగుందంటే కణాలు బాగా పలికాయని. నీ ఆరోగ్యం గురించి నేనెప్పుడు రాశాను? మేం చూసేది తెల్లకణాలని, చక్కెరని కాదు. గొట్టం రాగానే రక్తం పైన తేలే పసుపు నీళ్ళు పారబోస్తాం. చక్కెర ఉండేది ఆ నీళ్ళలోనే. నువ్వు సంతకం పెట్టిన పత్రం రెండో పేజీలో స్పష్టంగా ఉంది, ‘ఈ పరీక్షలు రోగ నిర్ధారణకు కావు’ అని. చదువుకున్నవాడివే కదా.

వార్డులో రోజుకి నలభై మందిని చూస్తాను. నాకు బాగోలేదంటూ వస్తారు, చూస్తాను. నువ్వు ఎప్పుడైనా అలా వచ్చావా? మీ ఆవిడ పోరుతున్నా వినకుండా కూర్చున్నది నువ్వు. నా ఉత్తరాన్ని తాయెత్తులా మెడలో వేసుకు తిరగమని నేను చెప్పలేదు.

అక్క


జూన్ 3

రెండో పేజీ గారికి,

ఆ పత్రం మీద సంతకం పెట్టింది మన పాత ఇంటి భోజనాల బల్ల మీద. పేజీలు తిప్పింది నువ్వు. వేలు పెట్టి ‘ఇక్కడొకటి, ఇక్కడొకటి’ అంటూ చూపించింది నువ్వు. బస్సుకి టైమవుతోందని తొందరపెట్టిందీ నువ్వే. అక్క చెప్పాక చదివేదేముంది అనుకున్నాను. చదువుకున్నవాణ్ణే, బుద్ధిలేనివాణ్ణి.

నేను రాలేదన్నావు. ఫిబ్రవరి ఉత్తరం తీసి చూసుకో. మరలు రెండుగా కనిపిస్తున్నాయన్నాను, కంట్లో దారం అన్నాను, నీళ్ళు తెగ తాగుతున్నానన్నాను. వార్డుకి ఎవరో వచ్చి ఈ మూడూ చెబితే నీళ్ళు తాగడం మంచిదేనని పంపించేస్తావా? ఇంకెలా రావాలక్కా నేను? చీటీ రాయించుకుని వరసలో నిలబడాలా?

నీ సైన్సు నాకు తెలియదు. నా పని నాకు తెలుసు, అది చెబుతాను విను. నా సంచీలో ఇత్తడి రాళ్ళ పెట్టె ఉంటుంది. ఆ రాళ్ళతోనే నేను ఊళ్ళో తక్కెడలన్నీ సరిచేస్తాను. ఏడాదికోసారి ఆ రాళ్ళనే తీసుకెళ్ళి తూనికల ఆఫీసులో తూయించాలి. ఎందుకంటే రాయి కూడా అరుగుతుంది. అరిగిన రాయిని కిలో అనుకుని తక్కెడ సరిచేశామంటే, ఆ తర్వాత దాని మీద పెట్టిన ప్రతి సరుకూ ఉన్నదానికంటే ఎక్కువ తూగుతుంది. మూడు నెలలు పని నేర్చుకున్నవాడికి కూడా తెలిసిన సంగతి ఇది.

పందొమ్మిదేళ్ళు నేను నీకు తూనికరాయిని. ఒక్కసారైనా నన్ను తూయించావా? చుక్కలు నూట ముప్పైకి పడిపోతే రాయి వంక చూడలేదు, సన్నగొంతుని తిట్టావు. నీ వరస ఏం బాగాలేదు.

నీ కాగితంలోని మందులు డాక్టరమ్మ అప్పటికే రాసేసింది. ఈ నెల ఇరవై ఆరున ఆపరేషన్. రావద్దు.

సంతకం కావాలంటే రెండో పేజీలో చూసుకో.


జూన్ 21

తమ్ముడూ,

నీ ఉత్తరం అందిన రోజు కోపంతో చింపబోయాను. రాళ్ళ దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. కిందికి వెళ్ళి ల్యాబు పుస్తకాలు రెండేళ్ళవి తీసి చూశాను. నీ వరస నూట డెబ్భై, నూట అరవై, నూట నలభై ఐదు, నూట ముప్పై. మెట్లు దిగినట్టు దిగింది. ప్రతిసారీ మిగతా వాళ్ళ లెక్కని పెంచుకుంటూ పోయాం. టీకా వేసుకున్న నాలుగు వందల మంది చుక్కలన్నీ ఉన్నదానికంటే ఎక్కువ రాసుకున్నాం. నేను రాసిన ఎనిమిది వందల పేజీలు అరిగిన రాయితో తూచినవి. చక్కెర ఒక్కటే కారణమని గట్టిగా చెప్పలేను. కానీ అనుమానం రావాల్సింది నాకు.

అనుమానం ఒకరికి వచ్చింది. కిందటి ఏడాది నవంబరు పేజీ అంచున సన్నగొంతు చేతిరాతతో పెన్సిలు గీతలున్నాయి. ‘దాతకి ఒకసారి ఆరోగ్య పరీక్ష చేయిస్తే మంచిదేమో.’ దాని కిందే ఎర్ర సిరాతో నా రాత. ‘దాత నా తమ్ముడు. గుండ్రాయిలా ఉన్నాడు. ముందు నీ చేతులు చూసుకో.’

ఇది నీకు చెప్పకుండా ఉండగలను. ఆ పుస్తకం ఎవరూ తెరవరు. చెబుతున్నాను. నిన్ను చూసి నాలుగేళ్ళయింది, గుండ్రాయిలా ఉన్నావని రాసేశాను.

సీసాలు కడిగే గదికి వెళ్ళాను. ఆవిడ చేతులకి మోచేతుల దాకా రబ్బరు తొడుగులు. పుస్తకం చూపించాను.

“నేను అప్పుడే చెప్పాను మేడమ్” అంది.

“కొంచెం గట్టిగా చెప్పాల్సింది” అన్నాను. అలా అనడానికి నాకు నోరెలా వచ్చిందో.

“గట్టిగానే చెప్పాను మేడమ్. రెండుసార్లు. మీరు తలుపేసుకున్నారు.”

తర్వాత మళ్ళీ సీసాలు కడుక్కోవడం మొదలుపెట్టింది. నేను పుస్తకం తీసుకుని వచ్చేశాను. దరఖాస్తు జూన్ రెండునే వెళ్ళిపోయింది. ఇప్పుడేం చేయాలో తోచడం లేదు. నామీద నాకే అసహ్యంగా ఉంది. నన్ను క్షమించమని అడగను, ఆ హక్కు లేదు.

అక్క


జూలై 2

వదినగారికి,

ఇది రాస్తున్నది నేను, మీ మరదల్ని. ఆయనకి ఆపరేషన్ అయి ఆరు రోజులైంది. బోర్లా పడుకోమన్నారు, తల ఎత్తకూడదు. దిండులోకి మాట్లాడుతుంటే నేను రాస్తున్నాను. మీ ఉత్తరం నేనే చదివి వినిపించాను. తిట్లు మూడు తీసేశాను. నాలుగోది ఉంచి తీరాలన్నారు.

ఇక్కడి నుంచి ఆయన మాటలు.

‘ఏం చేయాలో తోచడం లేదా? మూర్ఖురాలా! నువ్వు ఏడుస్తూ కూర్చుంటే నా కంటికి ఒరిగేదేముంది? పదకొండేళ్ళ క్రితం నా ఐదు కిలోల రాయి అరిగిందని తూనికల ఆఫీసులో తేలింది. ఆ ఏడాది ఆ రాయితో సరిచేసిన దుకాణాలు అరవై మూడు. అన్నింటికీ మళ్ళీ తిరిగాను. తప్పు నాదేనని గుమ్మంలో నిలబడి చెప్పి, తక్కెడ మళ్ళీ విప్పాను. కొందరు కుర్చీ వేశారు, కొందరు బూతులు తిట్టారు. ఒకాయన నా సంచీ రోడ్డు మీదికి విసిరేశాడు. నీకు తిరగాల్సింది ఒక్క ఆఫీసు. రేపు ఆ టీకా పొడిపించుకుని, ఇక భయం లేదనుకుని, ఊపిరాడక నీ వార్డుకి వచ్చేవాడికి ఏం చెబుతావు? నీ వరస బాగుందంటావా? వెళ్ళి ఆ కాగితాలు వెనక్కి తీసుకో. తీసుకున్నాకే నాకు ఉత్తరం రాయి.’

ఇక్కడి నుంచి నా మాటలు.

మీ ఉత్తరాలన్నీ మా బీరువాలో కట్టగట్టి ఉన్నాయి. డాక్టరు దగ్గరికి వెళ్దాం పదండని నేను అన్నప్పుడల్లా, పైనున్నది తీసి నా ముఖాన పెట్టేవారు. ఐదేళ్ళుగా ఆ చేతిరాతతో వాదించి ఓడిపోయాను. ఇప్పుడు మీ కవరు గుమ్మంలో పడితే చాలు, నాకు ఒళ్ళు మండుతుంది. ఆయన తక్కువ తిట్టారు. మీరు ఎదురుగా ఉంటే నేనెలా మాట్లాడేదాన్నో నాకే తెలియదు.

మీ మరదలు


జూలై 19

తమ్ముడికీ, మరదలికీ,

వెనక్కి తీసుకున్నాకే రాస్తున్నాను.

మా సంస్థ పెద్దాయన తలుపులన్నీ వేయించి, “నూట ముప్పైకీ నూట ఎనభైకీ తేడా ఏమంత పెద్దదమ్మా, సర్దుకుపోదాం. మీ ఇంటి గొడవ మన టీకాకి అంటించకు” అన్నాడు. ఇన్నేళ్ళలో ఆయన ముందు గొంతు పెంచలేదు. ఆ రోజు కారిడార్ అంతా వినిపించేలా అరిచాను. మనం పెంచి రాసిన ప్రతి చుక్కా రేపు ఒకడి ఊపిరి అన్నాను. ఎర్ర సిరా పేజీతో సహా అన్నీ అనుమతుల కమిటీకి పంపాను. దరఖాస్తు రద్దయింది. ఇకపై పరిశోధనకి నేను అధిపతిగా ఉండకూడదన్నారు. గది మార్చారు. వార్డు మాత్రం మిగిలింది.

టెక్నీషియన్ గారు పైకి తిరిగి వచ్చారు. వచ్చేముందు ఒకే ఒక్క మాట అడిగారు. “నన్ను ఆ పేరుతో పిలవకండి మేడమ్. నాకు మొదటి నుంచీ తెలుసు.” ఇన్నాళ్ళూ ఆ పేరు ఆవిడ చెవిన పడలేదనుకున్నాను.

ఇప్పుడు అసలు సంగతి. గడ్డకట్టించిన నీ సీసాలు ఎనిమిది మిగిలాయి. వాటిలో ఆరు సీసాలు తొమ్మిదేళ్ళ కిందటివి, రెండు ఈ మధ్యవి. రెంటినీ పక్కపక్కన ఒకే పళ్ళెంలో పెడితే రాయి ఎంత అరిగిందో తెలుస్తుంది. రెండేళ్ళ లెక్కలు నిజానికి ఎంతో తేలుతుంది. టీకా నిలబడొచ్చు, కూలిపోనూవచ్చు. పరీక్ష చేస్తే ఎనిమిదీ అయిపోతాయి. చేయకపోతే ఆ నాలుగు వందల మందినీ పిలిచి మళ్ళీ గుచ్చాలి. నువ్వు సంతకం చేసిన పత్రం ప్రకారం నిన్ను అడగక్కర్లేదు. అడుగుతున్నాను. వద్దంటే సీసాలు నీకే పంపించేస్తాను.

కన్ను ఎలా ఉంది? మరదలు రాయలేదు. ముందే అడగాల్సింది, ధైర్యం చాలక చివరికి తోశాను.

అక్క


ఆగస్టు 4

అక్కా,

పెద్ద అక్షరాలు చూసి భయపడకు. నేనే రాస్తున్నాను. కాగితానికి ఐదు వరసలే పడుతున్నాయి, మా ఆవిడ పక్కన కొత్త కాగితాలు అందిస్తోంది.

గది మార్చారని రాశావు. జాలిపడమనా? పడను. నా కోపం తీరలేదు, తీరుతుందని ఎదురుచూడకు. నీ గది పోయింది కదా అని నా లెక్క సరిపోదు. కానీ కాగితాలు వెనక్కి తీసుకున్నావు, ఆ అరుపేదో అరిచావు. ఆ మాట దగ్గరికి రాగానే మా ఆవిడ వెనక్కి వెళ్ళి మళ్ళీ చదివింది. తనకి నీ ఉత్తరంలో అంతకంటే నచ్చింది ఏదీ లేదు.

సీసాలు వాడుకో. ఎనిమిదీ. ఇంక పెట్టె పంపకు, నా చేతిలోంచి ఒక్క చుక్క కూడా రాదు.

షరతు ఉంది. పరీక్ష టెక్నీషియన్ గారే చేయాలి. లెక్క ఆవిడే పెట్టాలి, నువ్వు గదిలో ఉండకూడదు. ఎంత వచ్చినా, టీకా బతికినా చచ్చినా, ముందు నాకు తెలియాలి. కమిటీకి ఆ తర్వాతే. ఉత్తరంలో పంపకు. నువ్వే పట్టుకుని రా. ఆవిడని కూడా తీసుకురా, నువ్వు అంకె ఒక్కటి మింగినా పట్టుకుంటుంది. నా పక్కన కూర్చుని, నా మొహం చూస్తూ, పాత గుంటా కొత్త గుంటా ఒక్కొక్కటే చదువు. ఓదార్పు మాటలు వద్దు, అంకెలు చాలు. మా ఆవిడ ఏమన్నా పడాలి. కాఫీ ఇస్తుందో లేదో నేను హామీ ఇవ్వలేను.

తమ్ముడు

మరో మాట. వచ్చినప్పుడు నాకు కుడివైపు కూర్చో. ఎడమవైపు కూర్చుంటే నువ్వు వచ్చినట్టు కూడా నాకు తెలియదు.